మొలాసిస్ ట్యాంకులో మూడు కేకలు

గేటు అవతల నిలబడ్డ మనిషి ముఖం కన్నా ముందు ఆమె చంకలోని గ్రామఫోన్ రికార్డు అట్ట అంబీ కంటబడింది. వెలిసిపోయిన నీలి సముద్రం, ఒంగిన కొబ్బరిచెట్టు, జుట్టులో ఎర్రమందారం పెట్టుకున్న తెల్లపిల్ల. ఆ బొమ్మను చూసి ముప్పైఅయిదేళ్లయింది. అంబీ చేతిలోని చేట ఒరిగిపోయి కందిపప్పు వంటగది నేలంతా దొర్లింది.

"అమా, గేటు తియ్యకు!" ముందుగదిలోంచి కొడుకు కిస్టెన్ అరిచాడు. అతను మామూలుగా మాట్లాడేది ఇంగ్లీషే. కంగారు పుట్టినప్పుడూ, తిట్టాల్సి వచ్చినప్పుడూ మాత్రం తల్లి నేర్పిన తెలుగు బయటికొస్తుంది. "ఆ లేడీ ఎవులో నీకు తెల్దు. ఎనకాల ఎంతమంది ఉన్నారో తెల్దు."

"ఎనకాల ఉన్నది మన కుక్కే," అంది కోడలు కష్మీరా, కిటికీలోంచి చూస్తూ. "దాన్ని గూడా లోపలికి రానివ్వొద్దా?"

అది 1994 ఏప్రిల్ మొదటి శనివారం. నల్లవాళ్లు మొదటిసారి ఓటేసే ఎన్నికలకు నాలుగు వారాలు కూడా లేవు. రాష్ట్రమంతా ఎమర్జెన్సీ పెట్టి రెండు రోజులయింది. ఇండియన్లు ఉండే ఇసిపింగోలో ఇంటికొక కబురు తిరుగుతోంది. ఎక్కడో బస్సు తగలబెట్టారట. ఎవరో ఇల్లు అయినకాడికి అమ్మేసి ఆస్ట్రేలియా పోతున్నారట. ఓట్లు అయిన మర్నాడు మన వీధిలో ఏ ఇల్లు ఎవరికని ముందే పంచేసుకున్నారట. కిస్టెన్ స్నానాలతొట్టి నిండా నీళ్లు పట్టించాడు. మంచాల కింద చేపల డబ్బాలు, కొవ్వొత్తులు, కిరసనాయిలు చేర్చాడు. "ఓట్ల గొడవలో బతికి బయటపడ్డా, ఈ చేపలు తిని చస్తాం," అని కష్మీరా రోజుకోసారైనా అంటోంది.

అంబీకి ఆ భయాలేవీ కొత్తగా పట్టలేదు. ఆమెకు ఉన్న భయం ఒక్కటే. అది పాతది. దానికి ఒక మనిషి పేరుంది.

కొడుకు వద్దంటున్నా ఆమె గేటు దాకా నడిచింది. తీయలేదు గానీ, ఊచలకు దగ్గరగా నిలబడింది. బయట ఉన్న నల్లావిడకు ముప్పైనాలుగు, ముప్పైఅయిదు ఉంటాయి. కాళ్లకు నర్సులు వేసుకునే తెల్లబూట్లు.

"సావుబోనా, గోగో," అని అవ్వ వయసువాళ్లను పలకరించే తీరులో పలకరించి, జూలూలోనే అడిగింది. "పిట్టల అంబీ అంటే నువ్వేనా?"

ఆ పేరు చెరకు మిల్లు కూలీల బ్యారక్‌లలో అంబీకి చిన్నప్పుడు పెట్టింది. కాయగూరల మడుల్లో పిట్టల్ని తోలుతూ, వాటి కూతలే వాటికి తిరిగి కూసేది. పాతికమంది పిల్లల్లో ఆమె కూస్తేనే పిట్టలు మళ్లీ పలికేవి. ఆ బ్యారక్‌లలోనే జూలూ కూడా తెలుగులాగే నోటికి పట్టింది.

"నేనే," అంది.

"నా పేరు థోకో. మా నాన్న పేరు ఫినియస్. మీ మిల్లులో ట్యాంకులు కడిగేవాడు. ఆయన పోయినప్పుడు నేను అమ్మ కడుపులో ఉన్నాను." థోకో అట్టను రెండు చేతులతో ముందుకు పట్టుకుంది. "ఈ పాటల్లో మా నాన్న కూడా ఉన్నాడని చెప్పి, మిల్లులో వీటిని పట్టిన తెల్ల మాస్టరు దీన్ని అమ్మకిచ్చాడట. మాకు వినే మిషను ఎప్పుడూ లేదు. ఇన్నేళ్లూ గోడకు మేకు కొట్టి తగిలించి ఉంచాం. నీ దగ్గర మిషను ఉందని అమ్మ చెప్పింది, పాత మిల్లువాళ్లను అడుగుతూ వచ్చాను. మా నాన్న ఎక్కడ పలికాడో నువ్వు చూపిస్తావా? ఆయన గొంతు నేను వినలేదు."

అంబీ ఊచ పట్టుకుంది. విమానాశ్రయం నుంచి లేచిన విమానమొకటి ఇళ్ల కప్పుల మీదుగా రొద చేసుకుంటూ పోయింది. ఆ రొద ఆగేదాకా మాట్లాడక్కర్లేకపోవడం ఆమెకు మేలే అయింది.

"మిషనుంది గానీ సూది అరిగిపోయింది," అంది చివరికి.

"సూదేనా? గ్రే స్ట్రీట్‌లో పాత షాపులున్నాయి. వెతికి తెస్తాను. బుధవారం నాకు సెలవు." థోకో రికార్డును ఊచల సందులోంచి లోపలికి అందించింది. "ఇది నీ దగ్గరే ఉంచు గోగో. కొంబీ టాక్సీ వ్యానులో తొక్కిసలాట, విరిగిపోతుంది."

సూది అరగలేదు. భర్త బేసిల్ పోయిన ఈ రెండేళ్లలో ఆ మిషను పెట్టె మూత ఎవరూ తీయలేదంతే. దాని మీద లేసుగుడ్డ పరిచి, దేవుడి పటం పెట్టి, రోజూ దీపం వెలిగిస్తోంది అంబీ.

సోమవారం కొడుకూ కోడలూ పనికి పోయాక, ఆమె దేవుణ్ణి తీసి బల్ల మీద పెట్టింది. మూత ఎత్తింది. బుధవారం లోపల తనకు ఒక సంగతి తెలియాలి: ఆ కేకలు రికార్డులో నిజంగా వినబడతాయా? ఇన్నేళ్లూ ఆమె ఆ పాటను వినలేదు. బేసిల్‌ను ఆ రికార్డు ఇంటికి తేనివ్వలేదు. ఒకవేళ తెల్ల మాస్టరు ఆ ముక్కను తరవాత కత్తిరించి పారేశాడేమో. అలా అయితే తను బతికినట్టే.

సూది గీతలో పడింది. ముందు సముద్రం వచ్చింది.

అది సముద్రం కాదని అంబీకి తెలుసు. డ్రమ్ము తోలు మీద బేసిల్ ఇనపతీగల బ్రష్షుతో గుండ్రంగా రాస్తున్నాడు. తరవాత వాన. అది అంబీయే, చేటలో బియ్యం కదుపుతూ. ఆ పైన మాస్టరు వాయించే వైబ్రఫోన్, నీళ్లలో దీపాల్లా వణికే చప్పుడు. దీవులూ అడవులూ కావాలని ఆ రోజుల్లో తెల్లవాళ్ల ఇళ్లలో అందరికీ మోజు. హోటల్ బ్యాండు నడిపే కోలిన్ మాస్టరు ఏ దీవినీ చూడలేదు. బేసిల్ చూడలేదు. అట్ట మీది పిల్ల కూడా చూసి ఉండదు. డార్నల్‌కు అవతల, ఇప్పుడు లేని ఒక చిన్న మిల్లు ఆటలహాల్లో, పాత కర్టెన్లు కట్టి, ఒక్క టేపు మిషను పెట్టి, వాళ్లందరూ కలిసి దీవి తయారుచేశారు. పిట్టకూతను టేపు మీద పట్టి నెమ్మదిగా తిప్పితే ఏనుగంత పిట్ట అరిచినట్టుండేది. మాస్టరు పసిపిల్లాడిలా చప్పట్లు కొట్టేవాడు.

అన్నిటికన్నా పెద్ద గారడీ ట్యాంకు. చెరకు నరకని నెలల్లో హాలు పక్కనే చెరకు మడ్డి పోసే మొలాసిస్ ట్యాంకు ఖాళీగా ఉండేది. రెండంతస్తుల ఎత్తు, చుట్టూ ఇనుము. దాని లోపల ఒక కొసన లౌడ్‌స్పీకర్ దించి, రెండో కొసన మైకు పెట్టారు. హాల్లో వాయించింది తీగ వెంట ట్యాంకులోకి పోయి, ఇనపగోడల మధ్య తిరిగి తిరిగి, పెద్దదై, దూరమై, తీగ వెంట వెనక్కి వచ్చేది. చిటిక వేస్తే లోయంతా పలికినట్టుండేది.

అయితే అడుగున జిగురు. మైకు స్టాండు నిలవకుండా జారిపోయేది. ఆ ఆదివారం మాస్టరుకు విసుగొచ్చింది. "స్టాండెందుకు? ఫినియస్ లోపల కూర్చుని చేత్తో పట్టుకుంటాడు. దగ్గకూడదు, కదలకూడదు. నువ్వు చెప్పు వాడికి," అని అంబీకి పురమాయించాడు.

మాస్టరుకు జూలూ రాదు. ఫినియస్‌కు ఇంగ్లీషు రాదు. మధ్యలో ఇరవైమూడేళ్ల అంబీ.

ఫినియస్ ట్యాంకు కింది తలుపు దగ్గర నిలబడి లోపలికి ముక్కు పెట్టి చూశాడు. నెమ్మదైన మనిషి. "అడుగున మడ్డి పులుస్తోంది. ఈ గాలిలో ఎక్కువసేపు కూర్చుంటే మనిషి లేవడు. తలుపు వేస్తే నేను పోనని చెప్పు," అన్నాడు.

"ఏమంటున్నాడు?" అన్నాడు మాస్టరు గడియారం చూసుకుంటూ.

తలుపు వేయకపోతే బయటి చప్పుళ్లు పడతాయి. పడితే ఆ పూట పని ఆగిపోతుంది. ఆగిపోతే అంబీ పిట్టల ముక్క ఎగిరిపోతుంది. ఆ ముక్కను హోటల్లో పియానో వాయించే తెల్లావిడకు ఈలవేయడానికి ఇస్తానని మాస్టరు అప్పటికే రెండుసార్లు బెదిరించాడు.

"వాసనగా ఉందంటున్నాడు," అంది అంబీ ఇంగ్లీషులో.

ఫినియస్ వైపు తిరిగి, "తలుపు వేయరట, ఊరికే దగ్గరికి జారవేస్తారట, ఒక్క పాటే," అంది జూలూలో.

ఇన్నేళ్లలో ఆ రెండు మాటలూ ఆమె ఎవరికీ చెప్పలేదు. బేసిల్‌కు కూడా చెప్పలేదు. పాపం, మాస్టరు చెప్పినట్టు బేసిల్ పై మూత బిగించి, కింది తలుపు వేసి, సందులో గోనె కుక్కి వచ్చాడు. టేపు తిరుగుతోందన్న గుర్తుగా ఎర్రదీపం వెలిగింది. ఎర్రదీపం వెలిగి ఉన్నంతసేపూ ఎవరూ కదలకూడదు. మాస్టరు పెట్టిన ఇంకో కట్టడి కూడా ఉంది: వాయించేవాళ్లలో ఎవరికి ఉత్సాహం వచ్చినా అడవికేక వేయొచ్చు, ఏ కేక వినబడినా అంబీ పిట్టకూతతో జవాబివ్వాలి. ట్యాంకులోంచి తిరిగొచ్చే చప్పుడు వినడానికి చెవిగొట్టాలు ఇద్దరికే ఉన్నాయి. మాస్టరుకూ, ఆమెకూ.

రికార్డు తిరుగుతోంది. అంబీ చీర కొంగును నోట్లో కుక్కుకుని కూర్చుంది.

వచ్చింది. వైబ్రఫోన్ కింద, డ్రమ్ము వెనక, ఎంతో దూరం నుంచి ఒక మగగొంతు. ట్యాంకు మాటలన్నిటినీ కరిగించేసింది. సాగిపోయిన గొంతు ఒక్కటే మిగిలింది. ఆ రోజు మాస్టరు కళ్లు మెరిశాయి. బాగుంది అన్నట్టు తలూపి, అంబీ వైపు వేలు చూపించాడు. ఇదిగో, రికార్డులో ఆమె జవాబు: మూడు మెట్లు దిగే కూత, ఎండాకాలం వానకు ముందు ఇక్కడి తోటలన్నిటిలో అరిచే పీట్-మై-ఫ్రా పిట్టది.

రెండో కేక. ఆటకు అరిచే మనిషి కాదు ఫినియస్. అది ఆమెకు ఆ క్షణానే తెలిసింది. ఎర్రదీపం చూసింది. మాస్టరు వేలు చూసింది. కూసింది.

మూడోది కేక కాదు, ఊపిరి. దానికీ ఒక పిట్ట జవాబిచ్చింది.

ఆ తరవాత పాట ఇంకా నాలుగు నిమిషాలుంది. అంబీ సూదిని ఎత్తలేకపోయింది. పాట దానంతటదే అయిపోయి, ఖాళీ గీతలో సూది గరగరలాడుతుంటే అలాగే కూర్చుండిపోయింది.

ఆ సాయంత్రం మాస్టరూ బేసిలూ కలిసి ఊపిరి ఆగిపోయిన ఫినియస్‌ను మోసుకెళ్లి చెరకు ట్రామ్ పట్టాల పక్కన పడుకోబెట్టారు. పట్టాల మీద పడి తల తగిలిందని మిల్లులో చెప్పారు. మాస్టరు తరవాత రొడీషియా వెళ్లి అక్కడే పోయాడు. ప్రతి ఏడూ పీట్-మై-ఫ్రా అరవడం మొదలుపెట్టగానే అంబీ కిటికీలు మూసేది. ఇంట్లోవాళ్లు ఉక్కపోస్తోందని గోలపెట్టేవారు.

బుధవారం థోకో సూది తెచ్చింది. కిస్టెనూ కష్మీరా పనిలో ఉన్నారు. అంబీ గేటు తీసింది. టీ పెట్టింది. కప్పు సాసర్లో టకటకలాడుతుంటే రెండు చేతులతో పట్టుకొచ్చింది.

"భయపడుతున్నావా గోగో?" అంది థోకో నవ్వుతూ. "మా వీధిలోనూ అంతే. అందరూ కొవ్వొత్తులు కొంటున్నారు. మేము మీకు భయపడాలో, మీరు మాకు భయపడాలో తెలియక షాపులో అందరం ఒకే వరసలో నిలబడుతున్నాం."

పాట మొదలైంది. సముద్రం, వాన. థోకో ముందుకు వంగి కళ్లు మూసుకుంది. డ్రమ్ము వచ్చింది.

"అదిగో," అంది అంబీ. "ఆ డ్రమ్ము మీ నాన్నే."

థోకో ముఖం విప్పారింది. మోకాలి మీద వేళ్లతో తాళం వేసింది. ఒకసారి కిసుక్కున నవ్వింది. "మా అమ్మకు చెప్పాలి. ఆయన పెళ్లిలో కూడా గెంతలేదనే అంటుంది."

అంబీ వేలు సూది మీదికి పోయింది. ఇక్కడ ఆపేస్తే చాలు. కానీ థోకో లేచి నిలబడి తన మాటల్లో తాను ఉంది. "శనివారం మళ్లీ కొమ్మ తీసుకుని వెళ్తున్నాం. ఇది మూడోసారి. ఇంకోసారి రావడం అమ్మ వల్ల కాదు, గుండె వాచిపోయి ఉంది."

"ఏం కొమ్మ?" అంది అంబీ. కానీ ఆమెకు తెలుసు. బ్యారక్‌లలో పెరిగిన వాళ్లందరికీ తెలుసు. మనిషి ఇంటికి దూరంగా చనిపోతే, ఆయనవాళ్లు ఒక ముళ్లచెట్టు కొమ్మ తీసుకుని ఆయన ఊపిరి పోయిన చోటికే వెళ్లాలి. అక్కడ నేలను కొమ్మతో తాకి పేరుపెట్టి పిలిచి, ఇంటికి పోదాం రమ్మని చెప్పాలి. దారిలో కొమ్మ మోసేవాడు బయటివాళ్లతో పలకడు. దారిన అలా కొమ్మ మోసుకుపోతున్న మనిషి కనబడితే పలకరించకూడదని అంబీ తల్లి కూడా చెప్పేది.

"రెండుసార్లు ఆ ట్రామ్ పట్టాల దగ్గరికి వెళ్లాం," అంది థోకో. "రెండుసార్లూ ఆయన రాలేదు. కొమ్మ తేలిగ్గానే ఉండిపోయిందని బాబాయి అన్నాడు. ముప్పైఅయిదేళ్లుగా మా నాన్న ఎక్కడో బయటే ఉండిపోయాడు. అమ్మ వెళ్లిపోయేలోపు ఆయన్ని ఇంటికి తేవాలి."

ఆమె సంచీ భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్లింది. అంబీ వేలు ఇంకా సూది మీద గాలిలోనే ఉంది. సూదిని ఎత్తేస్తే చాలు. ఎత్తలేదు. అది తను కావాలనే చేసిందో, చేయి రాకపోయిందో ఆమెకు తరవాత కూడా తెలియలేదు.

కేక వచ్చింది.

థోకో గుమ్మంలో ఆగిపోయింది. వెనక్కి తిరగలేదు. రెండో కేక వచ్చింది, పిట్ట పలికింది.

"అది ఎవరు?"

అంబీ సూది మీంచి వేలు తీసేసింది.

"మా అన్న పశువుల్ని పిలిస్తే అచ్చం ఇలాగే ఉంటుంది." థోకో వెనక్కి వచ్చి మిషను ముందు మోకాళ్ల మీద కూర్చుంది. మూడోది విని, సూదిని తనే ఎత్తి, మొదటికి పెట్టింది. మళ్లీ వింది. మళ్లీ పెట్టింది. మూడోసారి అయ్యాక ముఖం తిప్పకుండానే అడిగింది. "ఎక్కడ ఉన్నాడు?"

"ట్యాంకులో."

"ఈ పిట్ట ఎవరు?"

అంబీకి బయటి గేటు కనబడింది. తాళం వేసి ఉంది. ఎవరినో బయట ఆపడానికి కిస్టెన్ కొన్న పెద్ద తాళం.

"నేనే," అంది.

థోకో తిడుతుందనీ, మీద పడుతుందనీ అంబీ ఎదురుచూసింది. ఆమె రికార్డును తీసి, కొంగుతో తుడిచినట్టు తన స్వెటర్ అంచుతో తుడిచి, అట్టలో పెట్టుకుంది. "శనివారం తొమ్మిదింటికి కొంబీ ఈ గేటు ముందు ఆగుతుంది. చోటు నువ్వు చూపించాలి," అంది. టీ అలాగే ఉండిపోయింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర సంగతంతా విని కిస్టెన్ పళ్లెం తోసేశాడు.

"ముప్పైఅయిదేళ్లు ఆగినావు, మూడు వారాలు ఆగలేవా అమా? ఓట్లయినాక సెప్పరాదూ! ఈ ఒక్క నెల్లోనే నీకు నిజం గుర్తుకు రావాలా?"

"ఆ పిల్ల తల్లి అందాకా ఆగదురా అయ్యా."

"చెరుకుతోటల్లోకి, వాళ్లతో, నువ్వొక్కదానివి! పోనివ్వను. అక్కడే పాతరేసి వస్తే అడిగేవోడెవుడు?"

"నన్ను పాతరేస్తే ఆ సేపల డబ్బాలు మీకు ఇంకో వారం వస్తాయి," అంది అంబీ. కష్మీరా నవ్వబోయి, మొగుడి ముఖం చూసి ఆగిపోయింది.

నవ్వులాట ఆడింది గానీ, శనివారం దాకా అంబీకి కునుకు లేదు. కిస్టెన్ చెప్పిందే ఆమె కూడా అనుకుంటోంది. వాళ్లు తనను ఏం చేసినా కాదనడానికి తన దగ్గర మాట లేదని కూడా అనుకుంటోంది.

తొమ్మిదింటికి హారన్ మోగింది. కిస్టెన్ తాళంచెవి పిడికిట్లో పట్టుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "అత్తా, ఇదిగో," అని కష్మీరా తన తాళంచెవి ఇచ్చింది. "ఒట్టి చేతుల్తో పోకు," అంటూ పాలకోవా డబ్బా కూడా పెట్టింది. డబ్బా అంబీ బల్ల మీదే వదిలేసింది. ఇలాంటి పనికి కోవా తీసుకెళ్లే ముఖం తనకు లేదు.

కొంబీ నిండా మనుషులు. ఎవరూ పలకరించలేదు. ముందు సీట్లో ఫినియస్ తమ్ముడు, ఒళ్లో ముళ్లకొమ్మ. కిటికీ పక్కన ఫినియస్ భార్య మాదుబే, వాచిన కాళ్లు, ముఖమంతా దుప్పటి. ఆమె పక్కన ఒక్క సీటు ఖాళీ. "కూర్చో," అంది థోకో. అంబీ కూర్చుంది. ఆ సీటొక్కటే ఎందుకు ఖాళీగా ఉంచారో అడగలేదు.

దారిలో రెండుచోట్ల సైనికులు ఆపారు. నిండా నల్లవాళ్లున్న బండిలో ఒక్క ఇండియన్ ముసలమ్మను చూసి రెండోచోట ఒకడు, "అంతా బాగేనా అమ్మా?" అని అంబీని అడిగాడు. బండిలో అందరూ ఆమె నోటివైపే చూశారు. "మా చుట్టాలు," అంది అంబీ. అంత మాట ఎందుకన్నానా అని మరుక్షణం భయపడింది. మాదుబే దుప్పట్లోంచి ఆమెను ఒకసారి చూసి ముఖం తిప్పుకుంది.

మిల్లు గోడలు పడిపోయాయి. చెరకు మనిషి తలను మించి పెరిగి ట్యాంకును చుట్టేసింది. పై మూత తుప్పుపట్టి ఊడిపోయింది. కింది తలుపు నోరు తెరిచినట్టుంది.

ఫినియస్ తమ్ముడు కొమ్మతో అక్కడ నిలబడి అంబీ వైపు చూశాడు. చోటు ఎవరికీ తెలియదు. ఆమే లోపలికి వెళ్లాలి.

అంబీ ఒంగి తలుపులోంచి దూరింది. పైనుంచి ఒక గుండ్రటి వెలుగు నేలమీద పడుతోంది. ఆమె ఊపిరి ఇనపగోడలకు తగిలి పెద్దదై తిరిగొచ్చింది. ఎవరో తన వెనక నిలబడి ఊపిరి పీలుస్తున్నట్టుంది. వెనక తలుపు వేసేస్తారనుకుంది. వేస్తే కేక వేయాలా వద్దా అని కూడా అనుకుంది. తూర్పుగోడ దగ్గర, మైకు తీగ కోసం కోసిన బెజ్జం ఇంకా ఉంది. దాని కింద అరచెయ్యి ఆనించింది.

"ఇక్కడ," అంది. ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ అంది ట్యాంకు.

ఎవరూ తలుపు వేయలేదు.

ఆమె బయటికొచ్చాక తమ్ముడు లోపలికి పోయాడు. కొమ్మ నేలకు రాసుకున్న చప్పుడు, పేరుపెట్టి పిలవడం, వెనక ట్యాంకంతా పిలవడం వినబడ్డాయి. మాదుబే తలుపు పక్కన రాయి మీద కూర్చుని ఉంది. "నీకు వినబడిందా అప్పుడు?" అంది.

"వినబడింది."

"ఏమన్నాడు?"

"గొంతే వచ్చింది. మాట రాలేదు." అంబీ ఆమె ముందు నేలమీద కూర్చుంది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ లేదు. "కానీ లోపలికి పోకముందు ఒక మాటన్నాడు. గాలి చెడిపోయింది, తలుపు వేస్తే పోనని చెప్పమన్నాడు. నేను మాస్టరుకు అది చెప్పలేదు. వాసనగా ఉందంటున్నాడని చెప్పాను. తలుపు వేయరని ఆయనకు చెప్పాను. రెండూ నేనే చెప్పాను."

మాదుబే చేతికర్ర నేలమీద రెండుసార్లు కదిలింది. అంబీ తల ఎత్తలేదు.

"అయితే పోనన్నాడు," అంది మాదుబే. "ముందే చెప్పాడు. ఆయన పిచ్చివాడు కాదు." థోకో వైపు తిరిగి మళ్లీ అదే మాట చెప్పింది. "విన్నావా? చూసుకోకుండా పట్టాల మీద పడ్డ తాగుబోతని మిల్లులో రాశారు. మీ నాన్న ముందే చెప్పాడు." అంబీతో ఆమె ఇంకేమీ మాట్లాడలేదు.

తమ్ముడు కొమ్మను రెండు చేతుల మీద, బరువైనదాన్ని మోసినట్టు మోసుకొచ్చాడు. అందరూ దారిచ్చారు. కొంబీలో మాదుబే పక్కన, అంబీ వచ్చిన సీటులో దాన్ని పడుకోబెట్టాడు. మెట్టు మీద కాలు పెట్టిన అంబీకి థోకో చేయి అడ్డం వచ్చింది.

"అది నాన్న సీటు, గోగో," అంది గొంతు తగ్గించి. "వేరే చోటు లేదు. క్రాసింగు దగ్గర షాపులో ఫోనుంది. నంబరు చెప్పు, నీ కొడుక్కి ఫోను చేస్తాను. ఇక్కడే ఉండు."

కొంబీ వెళ్లిపోయింది. దుమ్ము అణిగింది. ట్యాంకూ, చెరకూ, అంబీ మిగిలారు.

ఇసిపింగో నుంచి రెండు గంటల దారి. ఎండ నడినెత్తికొచ్చింది. గాలికి చెరకాకులు రాసుకున్నప్పుడల్లా ఎవరో నడిచొస్తున్నట్టే ఉంది. దూరంగా రెండు లారీలు పోయాయి. ఒకసారి ఎక్కడో పొగ లేచింది. తోట తగలబెడుతున్నారో, ఇల్లు తగలబెడుతున్నారో. ఆమె ట్యాంకు నీడలోకి జరిగి, జరిగినందుకు భయపడి, మళ్లీ ఎండలోకి వచ్చింది.

పొద్దు వాలుతుండగా చెరకులోంచి ఒక కేక వినబడింది.

మగగొంతు. ఇనుముకు తగిలి చెదిరిపోయి, ఎటునుంచి వచ్చిందో, ఎవరిదో, ఏమన్నదో తెలియకుండా వచ్చింది. అంబీ గోడకు ఆనుకుని ఒదిగింది. కదలకుండా కూర్చుంటే ఎవరికీ కనబడదు. ఎవరైనా కావచ్చు. ఈ నెలలో, ఇలాంటి చోట, ఎవరైనా కావచ్చు.

రెండో కేక వచ్చింది. ఎవరిదైనా సరే, ఆ గొంతులో భయముంది.

ఆమె నాలుక పాత అలవాటున అంగిలికి ఆనుకుంది. దాన్ని వెనక్కి తీసుకుంది. గోడ పట్టుకుని లేచి, ఒంట్లో ఉన్న ఊపిరంతా తెచ్చుకుని అరిచింది.

"ఇక్కడున్నాను! ఎవులు నాయనా? వస్తన్నాను, అక్కడే ఉండు!"

మూడో కేక కోసం ఆగకుండా ఆమె చెరకులోకి నడిచింది. ఆకులు చేతుల్ని కోశాయి. నాలుగు వరసల అవతల చొక్కా చెమటకు తడిసి, చేతిలో టైర్లు విప్పే ఇనపకడ్డీ పట్టుకుని, ఏడుపుముఖంతో కిస్టెన్ నిలబడి ఉన్నాడు.

"నేనే గదా అమా," అన్నాడు. "ఎంతసేపట్నించి పిలుస్తన్నాను. ఎవులనుకున్నావు?"

"ఎవులైనా పలకాలి గదరా," అంది అంబీ.